ఇంటిపేరు చెప్పినోళ్ళకే

"అవ్వా, ఎవురొచ్చి అడిగినా పాపను ఇయ్యబాకు. మా ఇంటిపేరు చెప్పినోళ్ళకే ఇయ్యి," అన్నాను.

మిల్లుకు పోయే ఆడవాళ్ళ బిడ్డలను చూసుకునే మణియమ్మవ్వ నవ్వింది. "ఏందిమే, నీ కూతురేమన్నా పరంగి దొర బిడ్డా, ఎత్తుకుపొయ్యేదానికి?"

సాయంత్రం మిల్లు విడిచాక వెళ్ళి చూస్తే నా పంకజం లేదు.

"ఒకామె వొచ్చి ఇంటిపేరు చెప్పింది, ఇచ్చినా," అంది అవ్వ.

చుట్టూ ఉన్న అరవవాళ్ళకు ఇంటిపేర్లే ఉండవు. మాది తెలిసిన ఆడమనిషి మా ఆడపడుచు పూంగావనం ఒక్కతే. పిల్లలు లేని ఆమె పాపను పెంపకానికి అడిగితే పోయిన నెలే కాదన్నాం. దొంగలకు భయపడ్డానే గాని, సొంతవాళ్ళను అనుమానించలేదు.

ఆమె ఉండే ఉప్పళానికి పరుగెత్తి తలుపు బాదాను. "వదినా, నా బిడ్డ యాడ?"

లోపల దీపం వెలుగుతోంది. మళ్ళీ మళ్ళీ బాదాను.

చివరికి వదిన గొంతు నెమ్మదిగా వినిపించింది.

"అరవబాకు. నా బిడ్డ నిద్రపోతా ఉంది."