ఉప్పు నేర్పిన లేత్ పని

వీధిలో అందరూ ఆయన్ని మేజర్ గారనేవారు. పట్టాళంలో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చిన మాట నిజమే. తుపాకీ పట్టింది మాత్రం మొదటి ఆర్నెల్లే. ఆ తర్వాత చేతిలో ఉన్నది గరిటె. నాలుగు వందలమందికి మూడు పూటలా వండి పెట్టాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడగనిది చెప్పకపోతే అబద్ధం కాదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు గానీ, ఎవరైనా 'మేజర్ గారూ' అన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. ఉన్నది ఇద్దరే. ఆయన చెయ్యి మాత్రం నాలుగు వందల దగ్గరే ఆగిపోయింది. ఎంత తగ్గించి వండినా ముప్ఫై మందికి తేలేది. మిగిలిందంతా భార్య గిన్నెలకెత్తి ఇంటింటికీ పంచలేక చచ్చేది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, అంగుళం అటూ ఇటూ అయితే నిద్రపట్టదు. ఒకరోజు కుట్టు ఆపి వచ్చి గరిటె లాక్కుంది.

"ఇక మీరు వంటగదిలో అడుగుపెట్టకండి. వేరే ఏదైనా పని నేర్చుకోండి," అంది.

ఆయనకో పాత కోరిక ఉంది. ఒకసారి పట్టాళంలో పిండి కలిపే యంత్రం ఇరుసు విరిగితే, ఒక మెషినిస్టు ఉత్త ఇనుప కడ్డీని తిప్పి చెక్కే లేత్‌కి బిగించి సాయంత్రానికల్లా కొత్త ఇరుసు చేసిచ్చాడు. ఈయన గరిటె పట్టుకుని నోరు తెరుచుకు చూశాడు. పద్నాలుగేళ్ళైనా ఆ నోరు పూర్తిగా మూతపడలేదు. ఆ పని నేర్చుకోవాలి. కానీ నలభై నాలుగేళ్ళ వంటవాణ్ణి లేత్ ముందు చూస్తే పిల్లలు నవ్వరూ? అదే ఆయన భయం.

భార్య ఆ పని నేర్పే మూడు కాలేజీల ప్రకటన కాగితాలు తెచ్చింది. రెండింటి మీద 'మాజీ సైనికులకు ప్రత్యేక స్వాగతం' అని అరచేతంత అక్షరాలున్నాయి. మూడోదానిలో అదే మాట ఓ మూలన, చీమ తలకాయంత ఉంది.

మొదటి కాలేజీలో స్వాగతం మరీ ఎక్కువైంది. గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టాడు, అదీ ఎడమ చేత్తో. ఫారం అడిగితే స్టేజీ ఎక్కించి రెండు వందలమంది పిల్లల ముందు నిలబెట్టాడు.

"శత్రువు ఎదురైనప్పుడు ఏం చేశారో మా పిల్లలకు చెప్పండి."

ఆయనకు ఇరవై ఏళ్ళలో ఎదురైన శత్రువు పిండికి పట్టే పురుగు ఒక్కటే.

"అవతల లక్షల్లో ఉన్నాయి. ఇవతల మేం నలుగురం," అన్నాడు నిజాయితీగా. "పొద్దుణ్ణించి సాయంత్రం దాకా జల్లెడ పట్టాం. ఒక్కటీ మిగల్లేదు."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఆ సందట్లో భార్య వర్క్‌షాపులోకి వెళ్ళి లేత్ మీద వేలు రాసి చూసింది. వేలికంటిన దుమ్ము ఆయనకు చూపించి, "పదండి, ఇక్కడ తిరిగేవి నాలుకలే," అంది.

రెండోచోట ఇంకో గోల. అక్కడ అందరూ ఆయనతో గుసగుసగా మాట్లాడారు. మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి వీపు వెనక దిండు దూర్చారు. యుద్ధం చూసొచ్చిన మనిషికి పెద్ద చప్పుళ్ళు పడవేమోనని లేత్‌లన్నీ ఆపించామని, పనంతా బొమ్మల్లోనే నేర్పిస్తామని ఒకాయన చెయ్యి నిమిరాడు. పడనివాళ్ళు ఉంటారు, కాదనలేం. కానీ ఈయన్ని అడగాలి కదా. ఇరవై ఏళ్ళు బాయిలర్ పక్కన గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషికి ఆ నిశ్శబ్దానికే గుండె దడ పట్టుకుంది.

మూడోచోట పలకరించే దిక్కు లేదు. లేత్‌లు హోరుమంటున్నాయి, నేలంతా చెక్కగా రాలిన ఇనుప చుట్టలు. కళ్ళజోడు తాడుతో మెడకు కట్టుకున్న నెరిసిన జుట్టావిడ వచ్చి ఆయన కాగితాలు తీసుకుంది. పిల్లలు ఆవిణ్ణి లేత్ మేడమ్ అంటారు.

"పట్టాళంలో మీ పని," అని కాగితంలో వెతికి, హోరులో వినపడాలని గట్టిగా చదివింది, "వంట."

పన్నెండుమంది పిల్లలు తలలెత్తారు. ఆయనకు భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

"ఉంగరం తీయండి. వాచీ తీయండి. చొక్కా చేతులు పైకి మడవండి," అంది మేడమ్. లేత్ ముందు నిలబెట్టి కడ్డీ బిగించింది. "ఇది ఇరవై అయిదు మిల్లీమీటర్లుంది. ఇరవైకి రావాలి. మీరైతే ఎలా మొదలుపెడతారు?"

"కొంచెం తీస్తాను. ఆపి కొలుస్తాను. మళ్ళీ కొంచెం తీస్తాను."

"అలా ఎవరు నేర్పారు?"

"ఉప్పు," అన్నాడు. నోరు జారింది, ఇక ఆగలేదు. "వంటలో ఉప్పు వేయగలం, తీయలేం. నాలుగు వందలమంది ఆకలి మీద కూర్చున్నప్పుడు చెయ్యి జారిందో, అందరికీ పస్తే. ఇక్కడ తీయగలం, అతికించలేం. అంతే కదండీ తేడా."

మేడమ్ కళ్ళజోడు తీసి ఆయన్ని నిదానంగా చూసింది. తర్వాత పిల్లల వైపు తిరిగింది.

"విన్నారా? ఈ ముక్క మీ బుర్రకెక్కించడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆ తుక్కు డబ్బా నిండా మీరు ఎక్కువ తీసిన కడ్డీలే."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు డబ్బా కనపడకుండా అడ్డంగా జరిగారు.

భార్య ఊరుకుంటుందా? "మాజీ సైనికులకు ప్రత్యేకంగా ఏమిస్తారమ్మా?" అని అడిగింది.

"చీపురు. ఎవరి మెషిన్ వాళ్ళే ఊడ్చుకోవాలి, మాజీ అయినా తాజా అయినా," అంది మేడమ్. "పట్టాళం నుంచి మీ ఫీజు కాగితాలు కదలడానికి మూడు నెలలు పడుతుంది. ఆ ఉత్తరాలు నేను రాసుకుంటాను. అప్పటిదాకా ఇంట్లో ఏం చేస్తారు, రేపు ఏడింటికి వచ్చేయండి."

సెల్యూట్‌కి, దిండుకి రాని కన్నీళ్ళు ఆయనకు చీపురుకి వచ్చాయి.

వీధి మొదట్లోనే మందుల షాపాయన ఎదురయ్యాడు. "మేజర్ గారూ, కాలేజీ కుదిరిందా?"

"కుదిరిందండీ," అని ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. "కానీ నేను మేజర్ని కాదు. వంటవాణ్ణి. ఇరవై ఏళ్ళూ వంటే చేశాను."

షాపాయన తెల్లబోయాడు. "అది తెలియనిదెవరికండీ? మీరొచ్చాక మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలిగిందే లేదు. మీ గిన్నెల మేజర్ సైజు చూసేగా ఆ పేరు పెట్టింది." అంతలో ఆయన మొహం వాడిపోయింది. "అయితే కాలేజీలో పడి ఇక వండరా?"

ఆ మాట ఎలా పాకిందో గానీ, ఒక్కో తలుపూ తెరుచుకుంది. వీధి వీధంతా ఆయన భార్య వంక చూసింది. ఆయన మాత్రం నేలచూపులు చూస్తూ చెవులు అటే వేశాడు.

"ఆదివారం ఒక్కపూట," అంది ఆవిడ. "కొలత మాత్రం తగ్గించకండి. అందరికీ సరిపోవాలి."