పై వాటా ఎవరికి కావాలి?

ఫర్ఖొందే, ఈరజ్ దంపతులు లిఫ్టు ఎక్కడం చూడాలంటే మనకు కాస్త తీరిక ఉండాలి. "మీరు ముందు" అని ఆవిడ, "అబ్బే, నువ్వు ముందు" అని ఆయన. ఈలోగా పై అంతస్తులో ఎవరో మీట నొక్కేస్తారు, లిఫ్టు తన దారిన తాను వెళ్లిపోతుంది. అలాంటి మనుషులకు ఇంటాయన ఒకరోజు కబురు చెప్పాడు. కొడుకు పెళ్లట, ఇల్లు కావాలట, వేసవి వెళ్లేలోపు ఖాళీ చేయాలట. ఎక్కడికి పోవాలో ఇద్దరూ తేల్చుకోవాలి.

పోవడానికి చోట్లు రెండు దొరికాయి. ఒకటి టెహ్రాన్‌లోనే, వలీఅస్ర్ వీధి మీద చిన్న ఇల్లు. మెట్లెక్కి పోవాలి, కిటికీ తెరిస్తే బస్సుల మోత. రెండోది తాలెఘాన్ కొండల్లో ఈరజ్ అక్క ఎజ్జత్ ఇంటి పై వాటా. కిటికీ తెరిస్తే అక్రోటు చెట్లు, కింద ఏరు, ఎదురుగా ఎండాకాలంలో కూడా నెత్తిన మంచు దించని కొండ.

ఎవరికి ఏది కావాలో వీధి చివర కిరాణా కొట్టువాడికి కూడా తెలుసు. ఈరజ్ ఉద్యోగమంతా మెట్రో రైలు నడపడంలోనే గడిచింది. పైన ఎండ కాసిందో వాన కురిసిందో, దిగే జనం తెచ్చిన గొడుగుల్ని చూసి తెలుసుకున్న మనిషి. రిటైరైన మరుసటి వారం నుంచీ ప్రతి శుక్రవారం తెల్లారేసరికి ఊరి అంచున ఉన్న దరకే కొండదారి పట్టాడు. పైన టీ కొట్టులో టమాటాలు వేసి చేసిన గుడ్ల పెనం ముందేసుకుని కూర్చుని, మధ్యాహ్నానికి ముక్కు ఎర్రగా కాల్చుకుని, పెళ్లికొడుకులా నవ్వుకుంటూ దిగేవాడు. ఫర్ఖొందే ఒక్కసారి వెంట వెళ్లింది. మొదటి టీ కొట్టు దగ్గరే చతికిలబడి, "కొండ ఎక్కడికీ పోదు గానీ, మీరు వెళ్లి చూసి రండి. ఎలా ఉందో చెబుదురుగాని, వింటాను" అంది.

ఆవిడ కొండలు వేరు. సాయంత్రమైతే బస్సెక్కి తజ్రీష్ బజారుకు పోవాలి, పది కొట్లలో బేరమాడి ఒక కట్ట కొత్తిమీర కొనాలి, జనం మధ్య నిలబడి ఒక సాండ్‌విచ్ తినాలి. అప్పుడే ఆవిడకు రోజు గడిచినట్టు. ఆవిడ పుట్టింది మలాయర్ అనే చిన్న ఊళ్లో. చిన్నప్పుడు రొట్టె కొనడానికి వెళ్తే, రొట్టె ఇంటికి రాకముందే కబురు వచ్చేది, మీ అమ్మాయి కొట్టువాడితో నవ్వుతూ మాట్లాడిందని. పెళ్లయి టెహ్రాన్ వచ్చిన కొత్తలో ఒకరోజంతా ఊరికే వీధుల్లో తిరిగింది. నువ్వెవరి కూతురివని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఆ రోజే ఈ ఊరికి మనసిచ్చేసింది.

వేరే మొగుడూ పెళ్లాలైతే నాలుగు రోజులు పోట్లాడుకుని తేల్చుకునేవారు. వీళ్లూ పోట్లాడుకున్నారు, కాకపోతే తలకిందులుగా.

"తాలెఘానే పోదామండీ," అంది ఫర్ఖొందే గురువారం రాత్రి భోజనాల దగ్గర. "ఆ గాలికి మీ దగ్గు చేత్తో తీసేసినట్టు పోతుంది."

"నాకు దగ్గెక్కడుంది?" అని దగ్గాడు ఈరజ్. "చలికాలం అక్కడ పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి. నువ్వు తట్టుకోలేవు. వలీఅస్ర్ ఇల్లు ఖాయం చేసేద్దాం."

"ఆ బస్సుల మోతలో మీరు నిద్రపోతారా?"

"రైలు నడిపినవాణ్ణే! నాకు మోత లేకపోతేనే నిద్ర రాదు."

"ఎంత అబద్ధం! మొన్న పక్కింటివాళ్ల పిల్లి అరిస్తే లేచి కూర్చున్నారు."

భోజనానికి వచ్చిన కూతురు గొల్‌నార్ చెంచా కింద పెట్టింది. "మీరిద్దరూ లాయర్లని గానీ మార్చుకున్నారా? నాన్న కేసు అమ్మ వాదిస్తోంది, అమ్మ కేసు నాన్న వాదిస్తున్నాడు. ఇందులో గెలిచినవాళ్లే మునిగిపోతారు, తెలుస్తోందా?"

"పెద్దవాళ్ల మాటల్లో నీకెందుకే?" అంది తల్లి. "ఇదిగో, గిన్నె అడుగున వేగిన అన్నం పెచ్చు మిగిలింది, తిను."

"కరకరలాడుతున్నప్పుడు ఇవ్వాలి. అరగంట నుంచీ అది ఆయన పళ్లెంలోంచి నీ పళ్లెంలోకీ, నీ పళ్లెంలోంచి ఆయన పళ్లెంలోకీ తిరుగుతూనే ఉంది. తోలులా సాగుతోంది చూడు."

నవ్వుకున్నారు గానీ దారికి రాలేదు. ఒకసారి పై వాటా చూసి వద్దామని మర్నాడు పొద్దున్నే పాత కారులో తాలెఘాన్ బయల్దేరారు.

దారంతా ఫర్ఖొందే మనసులో ఒకే మాట వల్లె వేసుకుంది. ఎజ్జత్ వదిన తప్పకుండా ఉండమంటుంది. మొదటిసారి అంటే కాదనాలి, అది మర్యాద. రెండోసారీ కాదనాలి, అది మొహమాటం. మూడోసారి మాత్రం ఒప్పుకోవాలి, ఎందుకంటే మూడోసారి కూడా వద్దంటే ఇక నిజంగానే వద్దని అర్థం. ఇక ఆ మాట ఎత్తరు. కాబట్టి మూడోసారి అడగ్గానే, "మీ చలవ వదినా, వస్తాం" అనెయ్యాలి. ఇన్నేళ్లు నేల కింద తిరిగి ఇల్లు నడిపినవాడికి ఆకాశం చూపించకపోతే తనేం పెళ్లాం? ఈ మాట అనుకుంటూనే వెనక్కి తిరిగి, దూరమవుతున్న ఊరి వైపు చూసింది. మళ్లీ ముందుకు తిరిగి సర్ది కూర్చుంది.

"వచ్చావా పట్నం మరదలా!" గుమ్మంలోనే ఎజ్జత్ అందుకుంది. "అక్కడే నిలబడి ఒకసారి ఒళ్లు దులుపుకో. ఆ పొగంతా మా చెట్లకి అంటుకుంటుంది."

ఫర్ఖొందే దులుపుకుంటుండగానే పక్కింటి గోడ మీద ఒక తల లేచింది. "ఈవిడేనా ఈరజ్ భార్య? మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా? వేడి ఉప్పు కాపడం పెట్టావా?"

తన మోకాలి సంగతి ఆవిడకెలా తెలిసిందో ఫర్ఖొందేకి అర్థం కాలేదు. గోడ మీద ఇంకో తల లేచి, "మీ అమ్మాయికి ఇంకా పిల్లల్లేరటగా?" అంది. అదీ తెలుసు. ఫర్ఖొందే నవ్వు మొహం పెట్టుకుని గబగబా మెట్లెక్కి పై వాటాలోకి పారిపోయింది.

అక్కడ ఈరజ్ కిటికీ తెరుచుకుని నిలబడి ఉన్నాడు. ఏటి చప్పుడు గదంతా నిండిపోయింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆవిడకు వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ భుజాలు అంత వదులుగా, అంత నెమ్మదిగా దిగడం ఆవిడ ఈ ముప్పై ఏళ్లలో చూడలేదు. మొగుడి మీద ప్రేమ ముంచుకొచ్చింది, దాని వెనకాలే భయం కూడా వచ్చింది.

"బావుంది కదండీ," అంది.

ఈరజ్ ఉలిక్కిపడి భుజాలు బిగించాడు. "ఏం బావుంది? ఈ తలుపు చూడు, కిర్రుమంటోంది. గోడకి చెమ్మ. నీకు పడదు."

కింద చెట్ల నీడలో తివాచీ పరిచి ఎజ్జత్ టీ పోసింది. పోస్తూనే మొదలుపెట్టింది. "పై వాటా మీదే. ఎప్పుడు దిగుతున్నారు?"

"అయ్యో వదినా, మీకెందుకు శ్రమ," అంది ఫర్ఖొందే.

"శ్రమేంటే? ఇల్లు మీది. మీ ఇంట్లో నేను ఉంటున్నానంతే."

"అంత మాటెందుకక్కా," అన్నాడు ఈరజ్.

ఎజ్జత్ కూజా కింద పెట్టింది. గోడ మీద తలలు రెండూ మళ్లీ లేచాయి. "ఇంకోసారి అడుగుతున్నా. మనస్ఫూర్తిగా అడుగుతున్నా. వచ్చి ఉంటారా?"

ఫర్ఖొందే మొగుడి వంక చూసింది. మహానుభావుడు సరిగ్గా అప్పుడే చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని, గ్లాసు నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. అంటే మాట్లాడడన్నమాట. కళ్లు మాత్రం కొండ మీద ఉన్నాయి. ఇక చెప్పాల్సింది తనే. మాట సిద్ధంగానే ఉంది, మీ చలవ వదినా. నోరు తెరిచింది.

"వద్దు వదినా."

ఆ గొంతు తనదేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది. అయినా ఆగలేదు. "నేను రాలేను. మీ ఇల్లు బంగారం, ఈ గాలి బంగారం. కానీ నాకు ఆ ఊరే కావాలి. ఆ జనం కావాలి, ఆ గోల కావాలి. ఇక్కడైతే నేను... నాకు ఊపిరాడదు."

కొండ గాలిలో కూర్చుని ఊపిరాడదన్న మనిషిని తాలెఘాన్‌లో ఎవరూ చూసి ఉండరు. గోడ మీద తలలు టక్కున మాయమయ్యాయి, ఊరంతా చెప్పాలి కదా. ఎజ్జత్ మొహం కందగడ్డలా అయింది. తర్వాత ఏమనుకుందో, మరదలి గ్లాసులో వేడి టీ నింపింది.

"నీ పెళ్లానికి నోరుందిరా తమ్ముడూ! ఇన్నేళ్లూ ఎక్కడ దాచావు?"

ఈరజ్ నోట్లో చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. అయినా గ్లాసు కిందికి దించలేదు.

తిరుగుదారిలో కారు నడుపుతున్న ఆయన చూపంతా రోడ్డు మీదే. కరజ్ ఊరు దాటేసరికి శుక్రవారం సెలవు ముగిసిన సాయంత్రపు రద్దీ వచ్చిపడింది. కొండలకీ తోటలకీ పోయిన టెహ్రాన్ అంతా ఒక్కసారే ఇంటిముఖం పట్టింది. కార్లు నత్తల్లా పాకుతున్నాయి. ఒకరి కారులో పాట, ఇంకొకరి కారులో పిల్లల ఏడుపు, మధ్యలో పువ్వులమ్మేవాళ్లు. ఫర్ఖొందే తనకు తెలియకుండానే కిటికీ అద్దం దించింది. దించాక సిగ్గేసి మళ్లీ ఎత్తింది.

"దించుకో," అన్నాడు ఈరజ్. "నీ మొహం వెలిగింది. అద్దంలో కనిపించింది."

దాంతో ఆవిడకు ఏడుపు ఆగలేదు. "ఏవండీ, నిజం చెప్పండి. మొహమాటపడకండి. మీకు అక్కడ ఉండాలని ఉంది కదూ?"

అబ్బే అంటాడనుకుంది. ఆ మాట కోసం ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఎదురుచూసింది కూడా.

"ఉంది," అన్నాడు.

"చాలా?"

"చాలా."

ముందు కారు రెండడుగులు కదిలింది. వీళ్లదీ కదిలి ఆగింది. ఫర్ఖొందే తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది. "అయితే ప్రతి గురువారం పొద్దున్నే అక్కయ్య దగ్గరికి వెళ్లిపోండి. రెండు రాత్రులు ఉండి రండి. నాకేం భయం లేదు, ఒక్కదాన్నే ఉంటాను."

"వెళ్తా," అన్నాడు ఈరజ్ వెంటనే.

"ఒక్కసారైనా వద్దనరా?"

"అనను. మళ్లీ అడగవేమోనని భయం."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు నోరు మూసుకున్నారు? అక్కడే ఉందాం రా అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగుంటే నేను వచ్చేసేదాన్ని కదా!"

"తెలుసు," అన్నాడు ఈరజ్. "అందుకే అడగలేదు."