ఎడమ బొమ్మ ఎడమ కంటికి

నేను ఒక స్టీరియోస్కోపును. రెండు కళ్ళు, నాలుగు మడతకాళ్ళు, ఇంతే నా దేహం. విమానంలో వెళుతూ ఒకే చోటును రెండుసార్లు తీసిన ఫోటోలను పక్కపక్కన పెట్టి నాలోంచి చూస్తే, కాగితం మీది చెట్లు నిటారుగా లేచి నిలబడతాయి, కాలువలు లోతుకు దిగుతాయి. మెదడు మాత్రం చూసేవాళ్ళది. చిక్కంతా అక్కడే వస్తుంది.

డెహ్రాడూన్‌లో ఒక చిన్న కార్ఖానాలో పుట్టి, కాకినాడలో సర్వే ఆఫీసుకు చేరాను. నలుగురి చేతులు మారి, అక్కడ ఫోటోలు చదివే నూకరత్నం బల్ల మీదికొచ్చాను. గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవి వెనకనున్న జాలరిపేట ఆవిడది. చిన్నప్పటి తుఫానులో ఉప్పెన పేట మీద పడకుండా ఆపింది ఆ మడచెట్లేనని అందరికీ చెప్పేది. ముప్పయ్యేళ్ళు ఆ అడవిని నాలోంచే కాపలా కాసింది. నా కాలొకటి వదులైతే తన తలపిన్నుతో బిగించింది. అది ఇప్పటికీ ఉంది.

తర్వాత ఉపగ్రహాలొచ్చాయి, డ్రోన్లొచ్చాయి. నన్ను పాత చింతకాయ పచ్చడి అని బీరువాలో పడేశారు.

అప్పుడొచ్చింది ఆ మడ అడవిలోని పీతలదిబ్బ గొడవ. డ్రోను తీసిన బొమ్మల్లో అడవి మధ్య రొయ్యల చెరువులు బయటపడ్డాయి. వాటి ఆసామి చిట్టబ్బాయిగారు తొణకలేదు. అభయారణ్యమని ప్రకటించక ముందు నుంచే దిబ్బంతా చెరువులేనన్నాడు. అదే నిజమని తేలితే దిబ్బంతా అతని చేతికొచ్చి మిగిలిన చెట్లూ పోతాయి, పేటకు అడ్డే ఉండదు. డ్రోనుకు ఇవాళ్టిదే కనబడుతుంది, గడిచిన కాలం కనబడదు. ఆనాటి ఉపగ్రహం బొమ్మలో దిబ్బ ఒక నల్లమచ్చ. నీళ్ళో, చెట్లో తేలదు. ఇక మిగిలినవి ఆ ప్రకటనకు కాస్త ముందే విమానం నుంచి తీసిన రెండు ఫోటోలు, వాటిని చదవడానికి నేను.

విచారణకొచ్చిన అధికారి నన్ను తుడిచి, ఫోటోలు సర్ది, వంగి చూశాడు.

"గుంటలే! దిబ్బంతా గుంటలే!" అన్నాడు.

చిట్టబ్బాయిగారు మీసం దువ్వుకున్నాడు. నాకు గొంతుంటే అరిచేదాన్ని. రిటైరైన నూకరత్నాన్ని కూడా పిలిపించారు కాబట్టి సరిపోయింది. ఆవిడ నా మీదికి వంగి ఒక్క క్షణం చూసింది.

"అయ్యగారండీ, ఇందులో కాలవెక్కడుందో సూడండి."

అధికారి మళ్ళీ చూశాడు. "కాలువ... గట్టులా పైకి లేచి ఉందేమిటి?"

"నీళ్ళు మెరకెక్కుతాయాండీ? ఎడం బొమ్మ కుడేపు ఎట్టేశారండి. అందుకే ఎత్తంతా పల్లమైపోయింది."

రెండు ఫోటోలనూ అటుదిటు మార్చింది. దిబ్బ నిండా మడచెట్లు ఒక్కసారిగా లేచాయి. అధికారి ఉలిక్కిపడి తల వెనక్కి తీసుకున్నాడు. తర్వాత చిట్టబ్బాయిగారూ చూశాడు. మీసం మీది చెయ్యి కిందికి దిగిపోయింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ రోజు దేవుడితో పాటు నేనూ ఎరుగుదును. గర్వమే, ఎందుకు దాచుకోవాలి?

చెరువుల గట్లు తెగ్గొట్టి కాలువ నీళ్ళు వదిలారు, మడమొక్కలు నాటారు. నేనిప్పుడు అటవీశాఖ ప్రదర్శనశాలలో ఆ రెండు ఫోటోల మీద నిలబడి ఉన్నాను. నా పక్కనున్న చీటీ మీద 'బైనాక్యులర్' అని రాశారు. పోనీలెండి, మనుషులు!

ఏటా తుఫానుల కాలానికి ముందు నూకరత్నం వస్తుంది. తుడిచేవాళ్ళు ఫోటోలు తారుమారు చేశారేమోనని చూస్తుంది. ఆ తర్వాత వంగి, చెట్లన్నీ లేచి నిలబడ్డాయని చూసుకుని, పేటకు వెళ్ళిపోతుంది.