బూట్ల నాట్యం

రైల్వే క్వార్టర్ల దగ్గర వినాయకుడి పందిట్లో మైకు తన పేరు పిలిచేసరికి అప్పలకొండ బూట్ల లేసులు బిగించుకుంటున్నాడు. లోకో షెడ్డులో ఫిట్టరుగా ఆ ఏడే రిటైరైన మనిషి. బూట్ల అడుగున ముందూ వెనకా ఇనుప బిళ్ళలు తనే కొట్టుకున్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక గెంతులు కట్టిపెట్టమని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఈ ఒక్కసారికి అనుకున్నాడు అప్పలకొండ.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన ఖరగ్‌పూర్‌లో రైల్వే ఖలాసీ. అక్కడ దిగిన అమెరికా సిపాయిల్లో జోనస్ బెల్ అనే నల్లవాడు, ఇనుప బిళ్ళల బూట్లతో చెక్క మీద తాళం మోగించే ఈ ఆట నేర్పాడు. దొరా అని పిలిస్తే మండిపడేవాడు. తన ఊళ్ళో తెల్లవాళ్ళ పెద్ద థియేటర్లో ఆడిన మొట్టమొదటి నల్లవాడట. ఆడేది వేదిక మీదే గానీ, వచ్చేది మాత్రం దొడ్డిగుమ్మంలోంచి. వాళ్ళమ్మకి ఆ హాల్లో కుర్చీ లేదు. సందులో నిలబడి, గోడ అవతల మోగే కొడుకు కాళ్ళ చప్పుడు విని వెళ్ళిపోయేదట. చూడనివ్వకపోతే పోనీ, వినకుండా ఎవడాపగలడు అని నవ్వేవాడు జోనస్.

పోయిన శీతాకాలం జోనస్ చనిపోయాడని అమెరికా రేడియోలో చెప్పారు. ఆ ఆటకి మోజు తగ్గాక ఏదో హోటల్లో లిఫ్టు నడుపుకుంటూ బతికాడట. ఆ పూట అప్పలకొండ అన్నం ముట్టలేదు. జోనస్ కట్టిన ఆట ఇప్పుడు తన ముసలి కాళ్ళలో తప్ప ఇంకెక్కడుంది? కూతురు జ్యోతిర్మయికి తాళం పుట్టుకతో వచ్చింది. ఒక్కసారి వింటే ఆ పిల్ల పట్టేసుకుంటుందని ఆయన ఆశ. క్వార్టర్లో గచ్చు మీద ఆ చప్పుడు పలకదు. పందిట్లో అయితే చెక్కబల్లల వేదిక ఉంది. అందుకే కమిటీ వెంటపడి బతిమాలాడు. ఆయన ఆడేదేమిటో వాళ్ళకెవరికీ తెలీదు. హరికథ ముందు కాస్త ఖాళీ ఉంటే పడేశారు.

మెట్టు మీద కాలు పెట్టగానే సెక్రటరీ కామేశ్వరరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏటి బావా ఇది? బూట్లతోటి ఎక్కెస్తావేటి? పైన సామి ఉన్నాడు."

పొద్దుటినుంచీ అప్పలకొండ అన్నీ సరిచూసుకున్నాడు. బిళ్ళలు చూసుకున్నాడు, మేకులు చూసుకున్నాడు, బల్లలు తట్టి చూసుకున్నాడు. పుట్టినప్పటినుంచీ గుడి బయట చెప్పులు విడిచిన మనిషికి ఇది మాత్రం తట్టలేదు. ఆయన మనసులో అవి బూట్లు కావు మరి, వాయిద్యం.

"మృదంగం తోలు కాదేటి, కామేశం? సామి ముందరే వాయిస్తన్నారు గదా."

"మృదంగం కాళ్ళకి తొడుక్కోరు గదా బావా. అచ్ఛా, ఇప్పేసి ఆడెయ్. ఆట ఆటే గదా."

అప్పలకొండ పైకి చూశాడు. దీపాల వెలుగులో నిండుగా కూర్చున్నాడు దేవుడు. తానే సెక్రటరీ అయ్యుంటే తానూ ఇలాగే అడ్డుపడేవాడు. తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరన్నదే ఆయన్ని కుంగదీసింది. వంగి లేసులు విప్పాడు.

ఆడాడు. మడమా మునివేళ్ళూ ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. బల్లలు మాత్రం ధబ్ ధబ్‌మని ఊరుకున్నాయి. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు, నవ్వులు లేచాయి. సగంలో మోకాలు కలుక్కుమంది. గుంజ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. జాలిపడి చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు.

కూతురి భుజం పట్టుకుని ఇంటిదారి పట్టాడు. మోకాలు వాచిపోయింది. ఇంకోసారన్న మాటే లేదు. అయినా ఉండబట్టలేక అడిగాడు.

"నేర్చుకుంటావేటే అమ్మా?"

జ్యోతిర్మయి ఆయన బరువు తన భుజం మీదికి ఇంకాస్త తీసుకుంది. తండ్రంటే ప్రాణం ఆ పిల్లకి.

"సచ్, ఉన్నమాట చెప్పనా నాన్నా? ఇందులో నేర్చుకోడానికి ఏటుంది?"

అప్పలకొండ చంకలోని బూట్లు తడుముకున్నాడు. ఆ చప్పుడు ఎలా ఉంటుందో మాటల్లో ఎలా చెప్పాలో ఆయనకి తెలీలేదు.

"ఏటీ లేదు తల్లీ," అన్నాడు.