అద్దం కింద చెక్కముక్క

మా ఆయన ముప్పై ఏళ్ళుగా దర్జీ. మా అల్లుడు మా దుకాణంలో కత్తెర పట్టి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలుగా బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే పాట.

"కొత్త కుర్రాడి చేతిలో ఏదో ఉందండీ! ఎంత సన్నగా కనిపిస్తున్నానో చూడండి!" అంటూ బ్యాంకు మేనేజరు అద్దం ముందు గిర్రున తిరిగాడు.

"ఆ కోటు కత్తిరించింది నేనేనండీ" అన్నారు మా ఆయన.

"అయినా అల్లుడి చెయ్యి ఎక్కడో పడే ఉంటుంది లెండి."

ఆయన ముఖం చిన్నబోయింది. ఆ సాయంత్రం తన పెద్ద కత్తెరను గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశారు.

"సోమవారం నుంచి కత్తిరింపంతా అల్లుడే చూసుకుంటాడు. నేను బొత్తాలు కుట్టుకుంటాను."

"సూదిలో దారం నేనెక్కిస్తే గానీ కుట్టలేరు, మీకు బొత్తాలా?" అని కసిరాను గానీ, ఆయన్ని అలా చూడలేకపోయాను. పోనీ అల్లుణ్ణి తిట్టుకుందామంటే, పాపం నోట్లో నాలుక లేనివాడు.

మర్నాడు దుకాణం ఊడుస్తూ అద్దంలోకి చూసి చీపురు వదిలేశాను. నా పాత స్వెట్టరు వేసుకుని, పెళ్ళినాటి నా నడుముతో ఒకావిడ నిలబడి ఉంది! ఆ స్వెట్టరు బజార్లో కొన్నది. మామా అల్లుళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అల్లుడు చేరిన వారమే మేకు ఊడితే, అద్దాన్ని దించి గోడకి ఆనించాను. జారకుండా అడుగున చెక్కముక్క అడ్డం పెట్టింది నేనే. అద్దం వెనక్కి వాలింది, ఊళ్ళోవాళ్ళ పొట్టలన్నీ లోపలికి పోయాయి.

చెక్క లాగేద్దామని వంగాను. లాగితే అల్లుడి పేరు పోతుంది, గిరాకీ పోతుంది, నా నడుమూ పోతుంది. లేచి ఇంటికెళ్ళి, అమ్మాయి పెళ్ళికి ఆయన తనకోసం కుట్టుకున్న కోటు తెచ్చాను.

"ఇప్పుడెందుకే ఇది?" అని విసుక్కుంటూనే తొడుక్కున్నారు. అద్దం ముందు అటు తిరిగారు, ఇటు తిరిగారు. పొట్ట ఉందో లేదోనని తడిమి చూసుకున్నారు.

"చూశావా! కత్తిరింపంటే ఇదీ! ఆ భుజం దగ్గర వాలు చూడు. ఈ కాలం పిల్లలకి వస్తుందా?"

"ఎక్కడొస్తుందండీ" అన్నాను.

"నా కత్తెర ఎక్కడ పెట్టావు?"

నేను పెట్టానట! సొరుగు తీసి ఇచ్చాను.

సాయంత్రం అల్లుణ్ణి పిలిచి, ఆ చెక్క కదలకుండా నేలకి మేకులు కొట్టించాను.

"ఇన్ని మేకులెందుకత్తయ్యా?" అన్నాడు.

"ఇంకో రెండు కొట్టు బాబూ" అన్నాను.