ఒక్క పూటా తప్పకుండా

నర్సు ఆరోగ్యమ్మ నందిగామ ఆసుపత్రిలో చేరిన ఆరేళ్లలో వీరులపాడు రాఘవమ్మ అంత మొండి రోగిని చూడలేదు. 1960లో దగ్గు పట్టుకుంటే రాఘవమ్మ ఒక కాంపౌండరు చేత నెల్లాళ్లు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకుంది. దగ్గు తగ్గగానే మానేసింది. ఏడాది తిరక్కుండానే దగ్గు నెత్తురుతో సహా మళ్లీ వచ్చింది. ఈసారి అవే సూదులు ఎన్ని వేసినా నీళ్లు ఎక్కించినట్టే అయింది.

డాక్టరు గారు పరీక్ష చేయించి, క్షయ అనీ, ఆ మందుకు ఇక లొంగదనీ తేల్చారు. రెండు రకాల బిళ్లలు కలిపి ఏడాదిన్నర మింగాలన్నారు. వారం వారం వెళ్లి చూసే పని ఆరోగ్యమ్మది.

మూడు నెలలకే రాఘవమ్మ ఒళ్లు చేసి మిరప చేలోకి వెళ్లసాగింది. నాలుగో నెలలో ఆరోగ్యమ్మ సీసాలు తీసి చూసింది. చిన్న బిళ్లలు అయిపోవచ్చాయి. పెద్దవి ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

"ఇవి మింగట్లేదేంటండీ?"

"పూటకి గుప్పెడు! కడుపులో తిప్పేస్తంది నర్సమ్మా. చిన్నది మానలేదుగా. దాంతోనే బాగుంది."

ఆరోగ్యమ్మ గొంతు పెంచలేదు.

"సూదులప్పుడూ బాగుందనే మానేశారు కదండీ. ఒక్క మందే వేస్తే జబ్బు పురుగుల్లో మెత్తటివి చచ్చి, మొండివి మిగుల్తాయి. అవే పెరుగుతాయి. రేపు ఈ చిన్న బిళ్లకీ చావవు. అవి మీ కోడలికి అంటుకుంటే, ఆ పిల్లకి మొదట్నించే ఈ మందులు పనిచెయ్యవు."

నిండు చూలాలైన కోడలు పుష్పవతి వసారాలో మినుములు చెరుగుతోంది. రాఘవమ్మ అటు తిరిగి చూసింది.

"ఈ మాట నాకెవరూ చెప్పలేదే," అంది.

"నేను చెప్తున్నాగా. కాస్త గంజి తాగి మింగండి. ఇక్కడే కూచుంటా."

రాఘవమ్మ మొహం చిట్లించుకుంటూనే ఒక్కొక్కటీ మింగింది. పుష్పవతి చేట పక్కన పెట్టి లేచింది.

"రేపట్నించి నేను మింగిస్తానండీ. ఎట్టా తప్పించుకుంటారో చూస్తా."

అన్నట్టే చేసింది. పురిటికి పోయిన రెండు నెలలూ ఆ పని మామగారికి అప్పగించి వెళ్లింది. గడువు ముగిశాక చేసిన చివరి పరీక్షలోనూ పురుగు కనిపించలేదు. ఇంట్లో ఎవరికీ దగ్గు రాలేదు.

ఆరోగ్యమ్మ అంతటితో ఊరుకోలేదు. క్షయ రోగికి బిళ్లలిచ్చేటప్పుడు ఇంట్లోంచి ఒకరిని వెంట రమ్మనాలని డాక్టరు గారిని ఒప్పించింది. ఒక సోమవారం చిల్లకల్లు నుంచి క్షయ పట్టిన లారీ డ్రైవరు ఒకడు తన భార్యతో వచ్చాడు. ఆరోగ్యమ్మ రెండు సీసాలూ ఆ భార్య చేతిలోనే పెట్టి, మెల్లగా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.