చెంచాడు ఆవిరి

రోజూ పొద్దున్నే కాఫీ తాగాక దేసాంకా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్టు పీలుస్తుంది. అందులో నికోటిన్ లేదు, ఉన్నదల్లా చెర్రీ రుచే. షుగర్ ముదిరితే కాలి వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు బెదిరించినప్పటి నుంచీ ఆమె తీపి ముట్టలేదు. నలభై ఏళ్లు మిఠాయి దుకాణంలో పాకం కాచిన మనిషి. ఒక్క చెంచా నోట పెట్టిందంటే గిన్నె ఖాళీ చేస్తేగానీ ఆగదు.

ఆ పూట మనసు ఏ మిఠాయి మీదికి పోతే, ఆమె వదిలిన ఆవిరి ఆ మిఠాయి రూపం కడుతుంది.

"ఏమే దేసాంకా! నీ బక్లావా మళ్లీ వచ్చి నా దుప్పట్ల మీద కూర్చుంది!" పై అంతస్తు నుంచి రాడోయ్కా అరిచింది.

"తినెయ్యవే, లావెక్కవులే."

తీపి మానడం ఎలాగో అలవాటైంది. అలవాటు కానిది తమ్ముడు విటోమిర్ ఇంటికి వెళ్లకుండా ఉండడం. పదకొండేళ్ల కిందట, వాళ్లింటిని కాపాడే పునీతుడి పండగనాడు, మరదలు జాగోర్కా వండిన తీపి గోధుమల్ని నోట పెట్టుకుని, "ఇది గోధుమా, గోడకేసే సున్నమా?" అనేసింది. ముప్పైమంది నవ్వారు. అంతే, మాటలు తెగిపోయాయి. ఈ మధ్య తమ్ముడికి గుండె ఆపరేషన్ అయిందని పరాయివాళ్లు చెబితే తెలిసి, కూర్చుని ఏడ్చింది.

ఆ పండక్కి ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్లను పొమ్మనరు. ఆ ధైర్యంతోనే ఈ ఏడు బయల్దేరింది.

గడపలోనే జాగోర్కా గోధుమల పళ్లెంతో ఎదురైంది. లోపలికి రావాలంటే శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా తినాలి. తినకపోతే ఆ ఇంటినీ ఆ పునీతుణ్ణీ కాదన్నట్టే.

"తీసుకో వదినా. ఈసారీ సున్నమేనేమో చూడు."

"తినకూడదే, షుగరు. దేవుడి తోడు, వంక కాదు."

"పదకొండేళ్లకు వచ్చి చెప్పే మాట ఇదా?"

లోపలి చుట్టాలంతా గడప వైపు తొంగి చూశారు. ఏం చేయాలో తోచక దేసాంకా వేప్ తీసి ఒక్క దమ్ము లాగి వదిలింది. ఆవిరి పళ్లెం మీద కుప్పగా దిగింది: గుండ్రంగా దిద్దిన గోధుమలు, చుట్టూ అక్రోటు పప్పులు, అచ్చం చనిపోయిన అమ్మ వండినట్టే.

జాగోర్కా చెంచాతో ఆ ఆవిరిని తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"అత్తమ్మ చేతి వంటే," అంది, కళ్లు ఒత్తుకుంటూ. "ఎన్నేళ్లు తంటాలు పడ్డా నాకు రాలేదు వదినా. నువ్వన్నది నిజమే. అందుకే అంత మండింది."

"నిజమైతే మాత్రం పదిమందిలో అనొచ్చా? తప్పు నాదే తల్లీ."

లోపల విటోమిర్ పండగ రొట్టె పట్టుకుని నిల్చున్నాడు. దాన్ని ఇంటివాళ్లే తలో చెయ్యీ వేసి తిప్పి విరుస్తారు. కొడుకూ కోడలూ చేతులు చాచారు.

"ఆగండర్రా," అంది జాగోర్కా, దేసాంకా భుజం పట్టి ముందుకు తోస్తూ. "ఆడపడుచు లేకుండా విరిచేస్తారా?"

ఆపరేషన్ తర్వాత సన్నబడిన తమ్ముడి వేళ్ల పక్కన దేసాంకా తన వేళ్లు ఆనించింది.

"గట్టిగా పట్టుకో అక్కా," అన్నాడు విటోమిర్.